ఇంటికో తుపాకీ, ఊరికో ఫార్వర్డు

"స్విట్జర్లాండ్‌లో ప్రతి ఇంటికీ సైన్యం తుపాకీ, తూటాలు ఇస్తుంది. అందుకే నేరాలు లేవు. హిట్లర్ కూడా భయపడ్డాడు. మన యువతకూ ఇవ్వాలి!" గుడ్ మార్నింగ్ పూలగుత్తి వెనకే ఇది వస్తోంది. నిన్న మా పెదనాన్నగారు కూడా పంపారు. ఇక ఊరుకోలేను.

ప్రతి ఇంటికీ కాదు, సైనిక సేవలో ఉన్నవాళ్లకి. ఆడవాళ్లకి ఆ సేవ నిర్బంధమే కాదు.

తూటాలా? ఒకప్పుడు సీలు వేసిన డబ్బాలో 50 ఇచ్చేవారు. 2007లో పార్లమెంటు వద్దంది, డబ్బాలు వెనక్కి తీసుకున్నారు. వాట్సాప్ మాత్రం ఇంకా పంచుతూనే ఉంది.

హిట్లర్ 1940లో ఆ దేశం మీదికి దండయాత్ర పథకం వేయించాడు, అమలు చేయలేదు. ఎందుకన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పాపం, వాళ్లకి ఈ ఫార్వర్డు అందలేదు.

నాకు ఒళ్లు మండేది "అందుకే నేరాలు లేవు" అన్న ముక్కకి. ఇంట్లో తుపాకీ ఉంటే దానికి ఎదురుపడేది దొంగేనా? 2006లో స్కీయింగ్ క్రీడాకారిణి కొరిన్ రే-బెల్లేనీ, ఆమె తమ్ముణ్ణీ కాల్చి చంపింది ఆమె భర్త. సైన్యం ఇచ్చిన పిస్టలుతో. 2007లో జూరిక్ బస్‌స్టాప్‌లో నిలబడ్డ 16 ఏళ్ల అమ్మాయిని, అప్పుడే శిక్షణ ముగించుకున్న కుర్రాడు సైన్యం రైఫిల్‌తో కాల్చేశాడు. తూటా శిక్షణలో కాజేసినదే.

ఇక ఆత్మహత్యలు. 2003 సంస్కరణతో సైన్యం దాదాపు సగమైంది, ఇళ్లలో రైఫిళ్లూ తగ్గాయి. 18 నుంచి 43 ఏళ్ల మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి. "చావాలనుకున్నవాడు ఇంకో దారి చూసుకుంటాడు" అని ఎవరో ఒకరు అంటారు కదా, పరిశోధకులు అదీ లెక్కేశారు: తుపాకీ చావుల్లో తగ్గిన వాటిలో 22 శాతమే వేరే దారులకి మళ్లాయి. మిగతావాళ్లు బతికారు, అంతే.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ తుపాకుల్ని ఆయుధాగారాల్లోనే ఉంచాలా అని 2011లో ఓటు పెడితే, ఇవన్నీ చర్చించుకున్నాక కూడా 56 శాతం మంది వద్దన్నారు. ఇంట్లో వద్దనుకునే సైనికుడు ఆయుధాగారంలో ఉచితంగా దాచుకునే వీలు అప్పటికే ఉంది. పౌరుణ్ణి అడిగి, నమ్మి నడిచే ఆ పద్ధతి చూస్తే నాకు కాస్త అసూయే.

ఇక "మన యువతకూ ఇవ్వాలి". సిగ్నల్ దగ్గర బండికి బండి తగిలితే చొక్కాలు పట్టుకుంటాం, గట్టు జానెడు జరిగితే గడ్డపారలు లేపుతాం. మనకి దీపావళి రీళ్ల తుపాకీ చాలు, పెదనాన్నా.