మోరీలో మునగకొమ్మ

మా గల్లీ మలుపులో మోరీ మీది బండ విరిగి ఐదు నెలలైంది. విరిగిన సాయంత్రమే ఎవరో పుణ్యాత్ములు అందులో ఓ మునగకొమ్మ గుచ్చి, కొసకు ఎర్రగుడ్డ కట్టిపోయారు. ప్రజల భద్రత కోసం మా గల్లీలో ఇప్పటిదాకా పూర్తయిన పని అదొక్కటే. ఎర్రగుడ్డ చీకట్లో నల్లగానే ఉంటుంది కదా అని అడిగిన డిగ్రీ పిల్లాణ్ణి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాం. ఉద్యమంలో చీలికలు పనికిరావు.

అసలు ఉద్యమం సంగతి నల్లగొండ జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం వరసపెట్టి నామినేషన్లు వేస్తే, నల్లగొండ బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఏడాదే 10,000 చేశారు, ఇప్పుడు 25,000. మనమూ 480 మందిమి నిలబడదామని ఒకాయన అంటే లెక్క వేశాం. కోటీ ఇరవై లక్షలు! బండ ఖరీదు ఎంతుంటుందో ఎవరూ అడగలేదు గానీ, అర్జీతో సరిపెడదామని అందరం ఒప్పుకున్నాం.

అర్జీ కింద సమితి పేరుండాలి కదా. 'పోరాట' అనాలా 'సాధన' అనాలా అన్నదానికే మూడు ఆదివారాలు పోయాయి. నాలుగో ఆదివారం పేరు లేకుండానే సంతకాలు పెట్టి, సోమవారం ఒక ఆఫీసుకు పోయాం. గుమస్తా మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు.

"ఎవలన్న పడ్డరా సార్ అండ్ల?"

"ఇంకా పడలేదు."

"పడితే ఫొటో పెట్టున్రి. ఫైలు జర గట్టిగుంటది."

న్యాయమైన మాటే. సమాచార హక్కు చట్టం చూసినా అంతే. మామూలు సంగతికి 30 రోజులు, మనిషి ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటలు. కాబట్టి ఎవరో ఒకరు పడాలి. ఉద్యమం కోసం ఎవరు ముందుకొస్తారని గ్రూపులో అడిగాను. అందరూ బొటనవేలు చూపించారు. కాలు మాత్రం ఎవరూ పెట్టలేదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ పొద్దంతా కదలదు. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. మా ఫైలూ కదలదు, కానీ చూసే దిక్కు లేదు.

ఇంతలో వానలు పడ్డాయి. మొన్న పొద్దున పాలకు పోతూ చూస్తే ఎర్రగుడ్డ పక్కన రెండు చిగుళ్లు. వారానికి గుప్పెడాకు. మునగ కదా, మోరీ నీళ్లు బాగా పట్టాయి. స్కూలు ఆటో అతను దాని దగ్గరికి రాగానే నెమ్మదిగా తిప్పుకుంటున్నాడు. మూలింటి పెద్దమ్మ బకెట్‌తో మంచినీళ్లు కూడా పోస్తోంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది బండ, ట్రాలీ ఆటోలో, ఇద్దరు కూలీలతో సహా. చప్పట్లు కొడదామని మేం పోగయ్యేలోపే పెద్దమ్మ మోరీకి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇన్నొద్దులు ఆగినోళ్లు ఇంకో ఆర్నెల్లు ఆగలేరా? కాయలు కాసినంక ఎయ్యున్రి."

బండ ఇప్పుడు మా అరుగు మీదుంది. సమితి మీటింగులకు కూర్చోవడానికి బాగుంది.