కన్ను ముందా, బొటనవేలు ముందా?

ఎంఎల్‌బీ ది షో అనే బేస్‌బాల్ వీడియో గేమ్‌లో, ఆల్‌స్టార్ అనే కష్టస్థాయిలో, కంప్యూటర్ ఆడించే పిచర్ (బంతి విసిరేవాడు) చేతిలో 11 సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు, అంటే కొట్టలేకపోయిన లేదా వదిలేసిన మంచి బంతులు, పడి ఔట్) అయిన బావమరిదికీ, పక్కన కూర్చుని చూసిన బావకూ నడిచిన వాదమిది.

బావమరిది: ప్రాక్టీసులో స్థాయిని ఇంకా కష్టమైన లెజెండ్‌కు పెంచుకుని అక్కడి వేగానికి కంట్రోలర్ మీది బొటనవేలు అలవాటు చేసుకుంటే, తిరిగి వచ్చేసరికి ఈ బంతులు నత్తనడక నడుస్తున్నట్టు కనబడతాయి బావా.

బావ: కనబడతాయి, కాదనను. కానీ స్వింగ్ తరువాత తెర మీద పడే సూచన చూశావా? సగానికి పైగా ‘అర్లీ’ (తొందరపడ్డావు) అనే ఉంది. బంతి చేరకముందే బ్యాటు తిప్పేవాడికి ఇంకా వేగం నేర్పడం, పరుగెత్తి పడిపోయేవాడిని తొందరపెట్టడమే అవుతుంది.

బావమరిది: అవన్నీ చేంజప్ అనే నెమ్మది బంతి చేసిన మోసాలు. ఫాస్ట్‌బాల్ (వేగపు బంతి) విసిరిన ఊపుతోనే గంటకు పది మైళ్లు తగ్గించి విసిరితే ఎవరు పట్టగలరు? నిజమైన మైదానంలోనే 95 మైళ్ల బంతి దాదాపు 0.4 సెకనులో బ్యాటర్ ముందుండే ప్లేటు చేరుతుంది. ఆలోచనకు వ్యవధి ఎక్కడుంది?

బావ: వ్యవధి లేదు కనుకనే ఏ బంతి వద్దో ముందే తీర్మానించుకోవాలి. 1941లో .406 సగటు (వెయ్యి అవకాశాలకు 406 హిట్ల లెక్క) సాధించిన బేస్‌బాల్ బ్యాటర్ టెడ్ విలియమ్స్, స్ట్రైక్ జోన్‌ను (బంతి అందులోంచి వెళితే స్ట్రైక్ అయ్యే చోటును) 77 బంతులంత గడులుగా విడగొట్టి, ఒక్కోచోట తాను ఎంత సగటుతో కొట్టగలనో అంచనా వేసుకున్నాడు. బయటివైపు కింది మూలకు ఆయన వేసుకున్న అంకె .230 మాత్రమే. నువ్వేమో బ్యాటు తగిలే చోటును తెర మీద చూపే గుర్తు, పీసీఐని ప్రతిసారీ ఆ మూలకే లాక్కుపోతున్నావు. రెండు స్ట్రైకులు పడేదాకా ఆ మూలను వదిలెయ్యి.

బావమరిది: వదిలితే స్ట్రైకే కదా! పైగా విలియమ్స్ ఎదుట నిలిచింది అలసిపోయే మనిషి.

బావ: ఈ కంప్యూటర్ పిచరూ అలసిపోతాడు. విసిరే కొద్దీ వాడి శక్తి తరుగుతుంది, గురి చెదురుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో 7 బంతులకే మూడు వికెట్లు (క్రికెట్ నోరు, ఏం చేయను, మూడు ఔట్లు) సమర్పించుకున్నావు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కూడా వాడికి చెమట పట్టలేదంటే ఆ పుణ్యం నీదే. అసలు మన చిక్కంతా క్రికెట్‌తోనే ఉంది. బంతి నేలను తాకాక ఎటు తిరుగుతుందో చూసే అలవాటు మనది. ఇక్కడ బంతి నేలను తాకదు కనుక చేయి విడిచిన చోటే దాన్ని చదవాలి. కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) చేతిని వీడగానే కాస్త పైకి లేస్తుంది, ఫాస్ట్‌బాల్ లేవదు. ఆ తేడా పట్టుబడేదాకా బొటనవేలుకు పని లేదు.

బావమరిది: అది పట్టుబడేదెలా?

బావ: కస్టమ్ ప్రాక్టీసులో ఈ పిచర్‌నే ఎంచుకుని, 20 బంతులు బ్యాటు కదపకుండా చూస్తూ, ప్రతి బంతి పేరూ అది ప్లేటు చేరకముందే పైకి చెప్పు.

బావమరిది: సరే, చెబుతాను. కానీ లెజెండ్‌లోనే చూస్తాను. బ్యాటు ఎలాగూ కదపను కదా, తొందరపడే ప్రసక్తి ఎక్కడిది? వేగం ఎక్కువైతే కన్నే పదునెక్కుతుంది.

బావ: ...దీనికి నా దగ్గర జవాబు లేదు. పెట్టు, లెజెండే పెట్టు.