పదహారున్నర మిల్లీమీటర్ల వారికి బహిరంగ లేఖ

మల్కాజ్‌గిరి,
ఆదివారం మధ్యాహ్నం రెండున్నర
(కింద నుంచి భోజనానికి రెండు పిలుపులు అయ్యాయి)

మహారాజశ్రీ 16.5 మిల్లీమీటర్ల వారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం నలుగురం క్షేమం. బండి మాత్రం ఇవాళ కూడా నడవలేదు. అందుకు కారకులు తమరేనని విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

తమరిని ఎరగనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి పరిచయం చేసేస్తాను. మోడల్ రైళ్లలో హెచ్‌ఓ అని ఒక కొలత. (మా ఆవిడ బొమ్మ రైళ్లంటుంది. మేం మోడళ్లంటాం. రెండింటికీ తేడా ధరలో ఉంది.) అసలు రైలు ఎంతుందో అందులో 87వ వంతు, అంటే అడుగుకి మూడున్నర మిల్లీమీటర్లు. ఐరోపాలో, అమెరికాలో ఎక్కువగా పట్టాల మధ్య దూరం (గేజ్ అంటారు) 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే తమరు పుడతారు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా మన దేశంలో వచ్చింది. అప్పటి గవర్నర్ జనరల్ డల్హౌసీ దొర ఆరడుగుల గేజ్ కావాలన్నాడు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు బేరాన్ని అయిదున్నర అడుగుల దగ్గర తెంచారు. 1853లో బోరీబందర్ నుంచి ఠాణా వెళ్లిన బండీ, 1874లో వాడి నుంచి మా సికింద్రాబాద్‌కి వచ్చిన నిజాం రైలూ ఆ వెడల్పు మీదే నడిచాయి. 1676 మిల్లీమీటర్లు. అడుగుకి మూడున్నర చొప్పున లెక్కేస్తే 19.25 రావాలి. కొనబోతే దొరికేది మాత్రం తమరే.

తేడా రెండు ముప్పావు మిల్లీమీటర్లు. కందిపప్పు బద్దంత. అసలు రైలుకి లెక్క కడితే 241 మిల్లీమీటర్లు, జానెడు పైమాట. జానెడు పొట్ట కోసం కోటి విద్యలంటారు. మాకు పొట్టలు నిండే ఉన్నాయి గనక, జానెడు గేజ్ కోసం ఆ కోటి విద్యలూ మా మేడ మీద గదిలో ప్రదర్శిస్తున్నాం. ఆదివారం పదింటి నుంచి రెండున్నర దాకా. ప్రవేశం ఉచితం, టీతో సహా.

మా నలుగురి సంగతీ తమరికి తెలుసు. బ్యాంకులో పనిచేసి దిగిపోయిన బావగారు. చిన్నప్పుడు మన్మాడ్ లైన్లో మీటర్ గేజ్ బండి ఎక్కి బడికెళ్లిన నిజామాబాద్ అన్న. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, దేనికైనా డిజిటల్‌లో పరిష్కారం ఉందని నమ్మే తమ్ముడు. గది నాది కాబట్టి నేను. పలకరింపుల్లో మేం మామూలు మనుషుల్లా ఉండం. మెట్లెక్కి రాగానే "ఎలా ఉన్నారు" అని ఎవరూ అడగరు. "ఎక్కడిదాకా వచ్చింది?" అంటారు. "కంకర దాకా" అంటాను. 2019 నుంచీ ఇదే జవాబు. పెళ్లి చూపులకెళ్లిన ఇంట్లో కూడా ఓసారి ఈ ప్రశ్నే నోట్లోంచి జారితే, పెళ్లివారు కాంట్రాక్టరు అనుకున్నారట మా బావగారిని.

కంకర అంటే ఆషామాషీ కాదండీ. ఇల్లు కట్టే చోటినుంచి రాతిపొడి తెచ్చుకోవాలి, కడగాలి, ఎండబెట్టాలి, టీ వడపోతతో జల్లించాలి. పట్టాల మధ్య కుంచెతో సర్ది, దాని మీద నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలు చుక్కలుగా పొయ్యాలి. ఆ నీళ్లలో ఒక్క బొట్టు గిన్నెలు తోమే సబ్బు పడాలి. లేకపోతే జిగురు లోపలికి ఇంకదు, పైన ముత్యాల్లా నిలబడి కంకరని తనతో దొర్లించుకుపోతుంది. ఇంత శ్రమా పడి అంగుళం మేర పూర్తిచేసి, వెనక్కి వాలి చూసుకుంటానా, బావగారు కళ్లజోడు పైకి నెట్టి అంటారు: "అంతా బాగుంది కానీ బావా, ఇరుగ్గా లేదూ?"

ఇక మొదలు.

ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు, అదే బాధ. మన పెట్టె వెడల్పు మూడుంబావు మీటర్లు. హెచ్‌ఓలో 37 మిల్లీమీటర్లు. కింద తమరు పదహారున్నర. ఎదురుగా నిలబడి చూస్తే, పొట్ట పెరిగిన పెళ్లికొడుకు కాళ్లు దగ్గరగా పెట్టుకుని ఫొటో దిగినట్టుంటుంది మన బండి. పక్కనుంచి చూస్తే ఏమీ తెలీదు. కానీ పక్కనుంచి చూడమని బావగారికి చెప్పే ధైర్యం ఈ గదిలో ఎవరికుంది?

నిజామాబాద్ అన్నకి ఇదంతా చాలా సంబరం. కుర్చీ వెనక్కి వంచి, "ఏంది మీ లొల్లి? నా మీటర్ గేజ్‌కి పన్నెండు మిల్లీమీటర్ల పట్టా దొరుకుతది. లెక్క ప్రకారం పదకొండున్నర కావాలె. అర మిల్లీమీటర్ ఎవ్వడు చూస్తడు?" అంటాడు. "నేను చూస్తాను" అని బావగారు. "మాది సన్నం, నీది లావు. నీ పట్టా మీద వైపీ, అదే మీ మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్, పోనిస్తే అది దున్నపోతులా నడుస్తుంది." అన్నకి వైపీ ఇంజన్‌ని దున్నపోతంటే కోపం. పది నిమిషాలు మౌనం. ఇంతలో మా ఆవిడ మిర్చి బజ్జీల పళ్లెం పెట్టి వెళ్తుంది.

ఈ బజ్జీల గురించి కూడా తమరికి చెప్పాలి. మోడల్ ఇంజన్‌కి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, చక్రాల గుండా మోటారుకి పాకుతుంది. పట్టా మీద మసి చేరినా, నూనె పడినా బండి దగ్గుతుంది, ఆగుతుంది. అందుకని ప్రతి ఆదివారం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన గుడ్డతో మొదట పట్టాలన్నీ తుడుస్తాం. వాసన కింద హాల్లోకి వెళ్లి, మేం పొద్దున్నే మొదలుపెట్టామని మా మామగారు కొన్నాళ్లు అనుమానపడ్డారు. తుడిచాక బజ్జీ తింటాం. బజ్జీ తిన్న చేత్తోనే బావగారు "ఇదుగో, ఇక్కడ చూడు ఎంత ఇరుకో" అని పట్టాని వేలితో చూపిస్తారు. చూపించడమంటే తాకడమే. ఆ తర్వాత అక్కడికి వచ్చిన బండి ఆగుతుంది. ఆగిన బండిని చూసి, "వీల్‌కి పికప్ సరిగా లేదేమో" అని మరో అరగంట.

నడిపిన రోజులు లేకపోలేదు. తమ్ముడు రెండు కొత్త ఇంజన్లు తెచ్చి, "అన్నా, ఇవి డీసీసీ. ఒకే పట్టా మీద దేన్ని కావాలంటే దాన్ని వేరువేరుగా నడపొచ్చు" అన్నాడు. ఎదురెదురుగా పెట్టాడు. ఒకదాన్ని కదిలించాడు. రెండూ కదిలాయి. కొత్త డీకోడర్లన్నీ (ఇంజన్ పొట్టలో ఉండి ఆజ్ఞలు అందుకునే చిప్పులు) కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు మూడో నంబరుతోనే వస్తాయట, మనమే మార్చుకోవాలట. ఆ "అట" పూర్తయ్యేలోపు రెండూ ముద్దు పెట్టుకున్నాయి. బావగారు అప్పుడు, రైళ్లు ఢీకొనకుండా వాటంతటవే ఆగేలా చేసే కవచ్ గుర్తుచేశారు. 2022 మార్చిలో మన దక్షిణ మధ్య రైల్వేలోనే రైల్వే మంత్రి ఇంజన్లో కూర్చుని పరీక్ష చేయిస్తే, ఎదుటి ఇంజన్‌కి 380 మీటర్ల ముందే దానంతటది ఆగింది. తమ్ముడు వెంటనే ఫోన్లో లెక్కేశాడు. 87వ వంతు, నాలుగు మీటర్ల ముప్పై ఏడు సెంటీమీటర్లు. నా గది పన్నెండడుగులు, అంటే మూడు మీటర్ల అరవై ఆరు. "ఆ లెక్కన మీ ఇంజన్ పక్కింటివాళ్ల వంటింట్లో ఆగాలి బావా" అన్నారు బావగారు.

గది మాటొస్తే ఇంకోటి. 24 ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) పెట్టెల బండిని యథాతథంగా హెచ్‌ఓలో కడితే సుమారు ఆరు మీటర్ల అరవై సెంటీమీటర్లు వస్తుంది, గదికి దాదాపు రెండింతలు. అందుకని మా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి అయిదే పెట్టెలు. వంపు దగ్గర అసలు రైలు తిరగనంత ఇరుకుగా తిరుగుతుంది. తుమ్మచెట్లు చీపురుపుల్లలవి. సికింద్రాబాద్ నుంచి విశాఖకి ప్రయాణం ఒక నిమిషం. వీటిలో ఏ ఒక్కదాని మీదా ఎవరికీ అభ్యంతరం లేదు మహాప్రభో! అన్నేసి పెట్టెలు మాయమైనా నోరెత్తనివాళ్లు కందిపప్పు బద్ద దగ్గర కత్తులు దూస్తారు. కొండంత రైలుని గోరంత చేసుకోవడానికి కూర్చున్నవాళ్లం, గోరంత తేడాని కొండంత చేసుకుని లేస్తున్నాం.

పుణేలో జోషిగారి మినియేచర్ రైళ్ల మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు. నలుగురం కలిసి వెళ్లాం. దీపాలు ఆర్పి, చీకట్లో బండ్లన్నీ వెలుగుతూ తిరుగుతుంటే పిల్లలు కేకలు, చప్పట్లు. మేం నలుగురం మాత్రం ఓ మూల మోకాళ్ల మీద కూర్చుని పట్టాలకి ఎదురుగా కళ్లు పెట్టాం. ఒక చిన్నపిల్ల వాళ్లమ్మని అడిగింది, ఆ తాతయ్యలకి ఏం పడిపోయిందని.

పరువు పోయినా తమరి వల్ల ఒక ఊరట ఉంది. మనల్ని రెండొందల ఏళ్లు ఏలిన ఇంగ్లీషువాళ్లది కూడా ఇదే గోల. వాళ్ల ఇంజన్లు బొత్తిగా చిన్నవి. ఆనాటి మోటార్లు 87వ వంతు ఇంజన్ పొట్టలో పట్టలేదు. దాంతో ఇంజన్‌ని 76వ వంతుకి పెంచారు, పట్టాని మాత్రం తమరి దగ్గరే ఉంచేశారు. వాళ్లకి 18.83 రావాలి. కొందరైతే ఆ 18.83 కోసం సొంత చేతుల్తో పట్టాలు వేసుకుంటున్నారు, ఇప్పటికీ. ఈ సంగతి చెప్పినప్పుడు బావగారి కళ్లు మెరిశాయి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మూడు నెలలు ఆయన మాట్లాడకుండా బజ్జీలు తిన్నారు. ఓ ఆదివారం పాత శారీ బాక్సు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. తెరిస్తే లోపల జానెడున్నర పట్టా. రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డుని అగ్గిపుల్లల్లా కోసి, ఒక్కో స్లీపర్‌కి మధ్యలో రాగిని గీరి (లేకపోతే షార్ట్), దాని మీద రెండు పట్టాల్నీ కాలిపర్‌తో కొలుస్తూ సోల్డరింగ్ చేశారు. 19.25. ఒక పెట్టె చక్రాలు ఇరుసు మీద బయటికి లాగి, దాని మీద నిలబెట్టారు.

మేం ఎదురుగా వంగి చూశాం.

ఇరుకు లేదు. పెట్టె కాళ్లు ఎడంగా పెట్టుకుని, దర్జాగా, మల్కాజ్‌గిరి స్టేషన్లో నిలబడ్డట్టే నిలబడింది. అన్న "బాగుంది" అన్నాడు. తమ్ముడు "బాగుంది" అన్నాడు. నేనూ అదే అన్నాను. ఆ తర్వాత ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. టీ చల్లారిపోయింది. తమ్ముడు ఫోన్ తీశాడు. అన్న వాళ్లమ్మాయి కాలేజీ ఫీజు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో వాళ్ల అమ్మాయి కాలేజీకొచ్చిందని నాకు తెలీదు. బావగారు పన్నెండింటికే బాక్సు మూసుకుని వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం అన్నకి పని పడింది. ఆ పై ఆదివారం తమ్ముడికి.

మూడో ఆదివారం పక్క వీధి బాబాయిగారు వచ్చారు. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు, పట్టాల మీద నడిచి నడిచి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. మా మోడల్ రైలు లేఔట్ ఎప్పుడూ చూడలేదు, మేడ ఎక్కలేక. ఆ రోజు ఏమనిపించిందో ఎక్కారు. బావగారు శారీ బాక్సు తెరిచి, కాస్త గర్వంగానే, "1676 బాబాయ్, లెక్క ప్రకారం" అన్నారు.

బాబాయిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏం స్లీపర్లు నాయనా ఇవి? చెక్కవా, కాంక్రీటువా?"

"కాంక్రీటు రంగే వేశాను."

"మరి కాంక్రీటు స్లీపర్లకి 1673 కదా పెట్టేది. మూడు మిల్లీమీటర్లు తక్కువ."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తమ్ముడు ఫోన్ తీసి మూడుని 87తో భాగించాడు. సున్నా పాయింట్ సున్నా మూడు. తల వెంట్రుకలో సగం ఉంటుందేమో. బావగారు మెల్లగా బాక్సులోంచి పట్టా తీసి, కిటికీ వెలుగులోకి పట్టుకుని చూశారు. "అవును బావా," అన్నారు నాతో, "కొంచెం వెడల్పుగానే ఉంది."

"నేను అప్పుడే అనుకున్న" అన్నాడు అన్న, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

అది పోయిన నెల మాట. ఇవాళ్టికి విషయం వంపుల దాకా వచ్చింది. వంపు బిగుసుకున్నకొద్దీ గేజ్ కాస్త వదులుగా పెడతారట అసలు రైల్వేలో. మరి మనం ఎంత వదలాలి, 87వ వంతా, అంతకంటే ఎక్కువా? బాబాయిగారికి ఇప్పుడు మేడ మీద సొంత కుర్చీ ఉంది, మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తడం లేదు. శారీ బాక్సు బీరువా మీద ఉంది. లేఔట్ మీద యథాప్రకారం తమరే ఉన్నారు, అంగుళం కంకరతో.

మూడో పిలుపు వచ్చింది. ఉంటాను.

ఇట్లు,
తమరి మీద రోజూ చాడీలు చెప్పే
విధేయుడు

తా.క.: టీ వడపోత ఏమైందని మా ఆవిడ అడిగితే తమరికి తెలీదని చెప్పగలరు.