పన్ను పీకేశారు, నోరు చూడలేదు

నిన్న మా డెంటల్ ఓపీకి ఒక మామ్మ వచ్చింది. పైపన్ను కదులుతోందని మూడు నెలల కిందట ఎక్కడో పీకించుకుందట, ఆ గుంట ఇప్పటికీ పూడలేదు. చేతిసంచిలో బీ కాంప్లెక్స్ మాత్రల అట్ట, సగం వాడిన నోటిపూత జెల్లు.

"అడ్డపొగ తాగుతావా మామ్మా, చుట్ట నిప్పు లోపలికి పెట్టి?" అంటే సిగ్గుపడి నవ్వింది. "మా అత్త నేర్పింది బాబూ."

అద్దం పెట్టి చూశాను. అంగిలంతా తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. గుంట అంచు వేలికి చెక్కలా తగిలింది. నొక్కినా "నొప్పేటీ నేదు బాబూ" అంది. నొప్పి ఉందంటే నాకు ఇంత గుబులు పుట్టేది కాదు.

పక్క పళ్లన్నీ గట్టిగా ఉండి ఒక్కటే ఎందుకు కదిలిందని పీకినవారికి అనుమానం రావద్దా? శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని తాగడం, ఆ వేడికీ పొగకీ అంగిలికి క్యాన్సర్ రావడం డెంటల్ పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. అది రాసే మనమంతా పాసయ్యాం. తీరా ఆ నోరే ఎదురుగా కుర్చీలో కూర్చుంటే పన్ను తప్ప ఏమీ కనపడదు!

ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. కట్టుడు పళ్ల సెట్టు ఉంటే ముందు తీయించాలి, అంగిలి దాని వెనకే దాక్కుంటుంది. నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని రెండు అంచులూ, అడుగూ చూడాలి. బుగ్గలు, చిగుళ్లు, మెడలో బిళ్లలు. గుట్కా కుర్రాళ్లయితే నోరు పూర్తిగా తెరుచుకుని మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయో లేదో కూడా. రెండు వారాలు దాటినా మానని పుండుందా అన్న ప్రశ్న ఆశా కార్యకర్త నింపే ఫారంలోనే ఉంది. తిరువనంతపురం జిల్లా ఊళ్లలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నోళ్లు చూస్తే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 2005లోనే తేలింది. వాళ్లెవరూ డెంటిస్టులు కాదు. మనకేమో లైటున్న కుర్చీ, గోడమీద డిగ్రీ.

ఇక రిఫరల్ సంగతి. చీటీ మీద "పై ఆసుపత్రికి" అని గీకేసి చేతులు దులుపుకుంటాం. ఏ బస్సెక్కాలి, ఏ గదికి వెళ్లాలి, ఆరోగ్యశ్రీకి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఏ కాగితాలు కావాలి, ఇవేవీ ఆ చీటీలో ఉండవు. ముక్క తీసి పరీక్ష చేస్తారంటే "కత్తి తగిలితే ముదిరిపోద్దట" అని సగంమంది దారిలోంచే వెనక్కొస్తారు. వెళ్లారో లేదో కనుక్కునే గడి మన రిజిస్టర్లో లేదు. నేను మార్జిన్లో పెన్సిల్‌తో గీసుకున్నాను, అందులోనూ ఖాళీలే ఎక్కువ.

మామ్మ మనవడికి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. మంగళవారం అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. ఆ సాయంత్రం మళ్లీ చేస్తానని చెప్పాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మామ్మ అడిగింది:

"అక్కడ ఇంకో పన్ను పీకేస్తారేటి బాబూ?"