కోతిరాజు అయస్కాంతానికి అతుక్కున్నాడు

పావుగంట క్రితం ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం బొమ్మ తీసి కొత్తగా కొన్న వెండి నాణెం దగ్గర పెట్టా. టక్కున అతుక్కుంది. వెండి ఎప్పట్నుంచి అయస్కాంతానికి అతుక్కుంటోందో ఎవరైనా చెప్పండి బాబూ.

చైనావాళ్ల పాత నవల 'పశ్చిమ యాత్ర' మీద 2003లో పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనా వేసిన నాణెం అట. రంగుల్లో ఆ కథలోని కోతిరాజు సన్ వుకాంగ్, 10 యువాన్ల ముద్ర, ఔన్సు వెండి, అంటే 31.1 గ్రాములు. మా వీధి కంసాలి తూకం వేస్తే 22 తూగింది! రంగు గీరితే లేచొస్తోంది. కోతిరాజు తోక ప్రస్తుతం నా గోట్లో ఉంది.

ఫోన్ చేస్తే అమ్మినాయన ఏమన్నాడో తెలుసా? "షోకేస్‌లో పెట్టుకోవడానికే కద సార్, తూకం దేనికి?" తొమ్మిది వేలు తీసుకునేటప్పుడు మాత్రం నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు మహానుభావుడు.

గ్రూపులో చెప్పుకుంటే ఓదారుస్తారనుకున్నా. అందరిదీ ఒకటే మాట, "చైనా సరుకంటే అంతే". అయ్యా, అమ్మింది మనోడే! తెలుగులో బేరమాడి, తెలుగులో ఒట్టేసి, శుభ్రంగా తెలుగులోనే ముంచాడు. తిట్లు మాత్రం చైనాకి. అసలు నాణెం ఒక్కటైనా చేత్తో పట్టుకున్నారా మీరు? 1995లో మూడు రాజ్యాల కథతో మొదలెట్టి, 2011లో 108 మంది వీరుల కథ ముగిసేదాకా, చైనా పాత నవలల్లో పెద్దవని చెప్పుకునే నాలుగింటికీ వేశారు వాళ్లు. (ఆ నాలుగింట్లో ఒకటైన 'ఎర్రమేడ కల' రాసిన త్సావ్ షుయేచిన్ పేదరికంలో పోయాడు, ఆయన పాత్రలేమో ఇప్పుడు బంగారం మీద. రచయితల బతుకు ఎక్కడైనా ఇంతేలెండి.)

ఇక మా బావ. "చైనా కోతికి తొమ్మిది వేలా బామ్మర్దీ?" అని నవ్వే బొమ్మలు ఆరు పెట్టాడు. కథలో ఆ కోతిని వెంటేసుకు తిరిగిన సన్యాసి ఎవరనుకున్నావ్ బావా? స్కూల్లో చదివి మర్చిపోయిన మన హుయాన్‌త్సాంగే! 7వ శతాబ్దంలో ధాన్యకటకం వచ్చి, నెలల తరబడి ఉండి అభిధర్మం, అంటే బౌద్ధుల తత్వశాస్త్రం, చదువుకున్నాడు. అమరావతిలో నీ ప్లాటుందే, ఆ చుట్టుపక్కలే. గజం రేటు తప్ప నీకేం పడుతుందిలే.

అయినా వెండి గురించి నువ్వా మాట్లాడేది? నా ఆల్బమ్‌లోంచి జార్జి రాజు వెండి రూపాయి లాగి, కరిగించి, మీ వాడి మొలతాడుకి మువ్వలు చేయించింది ఎవరు? అడిగితే "వెండేగా, వేరేది కొనిస్తాలే" అన్నావు. ఆ మొలతాడు కట్టుకున్నవాడు ఇంటర్‌కొచ్చాడు. రూపాయి మాత్రం ఇంకా రాలేదు. అక్కని ట్యాగ్ చేస్తున్నా.