అలకపాన్పు దిగని రాస్ప్‌బెర్రీ గారికి

మహారాజశ్రీ హెరిటేజ్ రాస్ప్‌బెర్రీ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని హూస్టన్‌లో మా వీధంతటికీ తెలుసు.

రెండేళ్లకి ఈ ఉదయం తమరు ఒక పండు దయచేశారు. పిల్లల్ని నిద్రలేపి, వీడియో తియ్యమని మా ఆవిడ చేతికి ఫోనిచ్చి, మునివేళ్లతో పట్టుకున్నాను. పొడిపొడిగా రాలింది. పూతకి పుప్పొడి సరిగా అందక గింజలు గుత్తిగా నిలవలేదట. రాలినవి చీమలు పట్టుకుపోయాయి. వీడియో ఈపాటికి గుంటూరు చేరింది.

మీరు 1969లో న్యూయార్క్ రాష్ట్రం జెనీవాలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చిన రకం వారు. అయినా, 'దక్షిణాదిలో బ్రహ్మాండంగా కాస్తుంది' అని చీటీ తగిలించి అమ్మారు, నమ్మాను. ఆ ఏడు లేచిన కొమ్మకే శరదృతువులో కాస్తారన్నారు. ఆ పూతంతా ఎండకి మాడింది. సరే, పాత కొమ్మకైనా కాయండంటే, 7 డిగ్రీల లోపు చలి 800 గంటల దాకా కావాలట! సంక్రాంతికి ఫ్యాను వేసుకునే ఊళ్లో ఎక్కణ్ణుంచి తేను? పోనీ గడ్డకట్టే చలి తెద్దామంటే, సున్నా కిందికి దిగిన గంటలు లెక్కలోకి రావని ఒక లెక్క. పూర్వం అలకపాన్పెక్కిన అల్లుళ్లు వాచీ అడిగారు, స్కూటరడిగారు. వాతావరణం అడిగినవాడు లేడు.

డిసెంబరంతా రోజూ పొద్దున్నే గిన్నెడు ఐసుముక్కలు మీ మొదట్లో పోశాను. పక్కింటాయన కంచె మీంచి చూసి ఏమీ అనలేదు. ఏదైనా అన్నా బాగుండేది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, చలి తగలాల్సింది కొమ్మ మీది మొగ్గలకట, వేళ్లకి కాదట. ముందే ఏడిస్తే నీ సొమ్మేం పోయింది?

స్పెయిన్‌లో వెల్వా వైపు మీవాళ్ల కొమ్మల్ని ముందు చల్లటి గదిలో పడుకోబెట్టి, నిద్ర తీరాక నాటుతారు. మా ఫ్రిజ్‌లో దోసెపిండికే చోటు లేదు. మిసిసిపీ వాళ్లు 1972లో వదిలిన డార్మన్ రెడ్ అనే రాస్ప్‌బెర్రీ రకం ఈ ఎండకి తట్టుకుంటుంది, కానీ జాముకి తప్ప రుచికి పనికిరాదు. మైసూరు రాస్ప్‌బెర్రీ అని నీ దాయాది, మనవైపు అడవిబిడ్డ, చలి ఊసే ఎత్తదు. గాలపగోస్ దీవుల్లో దాన్ని పీకలేక చస్తున్నారు. దాన్నే తెచ్చుకుందునా, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టిందే, అలాంటి రాత్రి ఒకటొస్తే అది తట్టుకోదు. నువ్వు మాత్రం తట్టుకుంటావు. కాయవు, చావవు.

సాయంత్రం పార తీసుకునే వచ్చాను. పాదుకి మూరెడు అవతల, గడ్డిని చీల్చుకుని నీ పిలకలు మూడు. ముట్టుకుంటే ఇంకా మెత్తగా ఉన్నాయి ముళ్లు.

దోసెపిండి గిన్నె ఎంత పెద్దదో కొలిచాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
మీ మామగారు