పాట్ కప్‌బోర్డ్ గారికి ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాట్ కప్‌బోర్డ్ గారికి,

నమస్కారాలు. తమరు ఈమధ్య బెడ్‌సైడ్ కేబినెట్ అని పేరు మార్చుకుని మంచి ఇళ్లల్లో సెటిలయ్యారని తెలిసి చాలా సంతోషం. మంచం పక్కన మూత్రపు కుండ దాచిపెట్టుకునే ఆ పాత ఉద్యోగం గురించి యాంటిక్ షాపువాళ్లు కూడా పెద్దగా నోరెత్తరు, ఎత్తితే బేరం పోతుంది మరి.

18వ శతాబ్దం ఇంగ్లండ్‌లో అర్ధరాత్రి దొరగారికి అవసరం పడిందంటే దిక్కు మీరే కదండీ. మంచం దిగడం, మీ తలుపు తియ్యడం, లోపలున్న పింగాణీ కుండలో పని కానిచ్చి మళ్లీ లోపలికి తోసి తలుపేసెయ్యడం, అంతే, ఆయన హాయిగా పడుకునేవాడు, తెల్లారాక దాన్ని మోసుకెళ్లి పారబోసి కడిగి తెచ్చే పనమ్మాయి పేరు మాత్రం ఏ కేటలాగులోనూ ఉండదు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారం పైపుతో ఫ్లష్ టాయిలెట్‌కి పేటెంట్ తీసుకుని మీ ఉద్యోగానికి ఎసరు పెట్టాడు గానీ, ఇంటింటికీ నీళ్లూ డ్రైనేజీ రావద్దూ, అందుకే ఇంకో వందేళ్లు మీకు ఢోకా లేకపోయింది.

ఇప్పుడు మిమ్మల్ని కొనేవాళ్లని చూస్తే నవ్వాగట్లేదు. బందులు ఒరిజినలేనా, పిడి ఒరిజినలేనా, పాత పాలిష్ గీకేశారా అని టార్చ్ వేసి మరీ వెతుకుతారు, అన్నీ ఒరిజినల్ కావాలి, చేసిన పని తప్ప! తర్వాత ఏం పెడతారు? పైన మంచినీళ్ల గ్లాసు, లోపల, సరిగ్గా ఆ కుండ ఉన్నచోటే, రాత్రి వేసుకునే మాత్రలు.

మీ చుట్టాలదీ ఇదే వరస. వాష్‌స్టాండ్, అదే మొహం కడుక్కునే బల్ల, దాని పైన బేసిన్ కూర్చోడానికి చేసిన గుండ్రటి కన్నంలో ఇప్పుడు పూలకుండీ. మంచం ఎక్కే మెట్లున్నాయే, కొన్నిట్లో మధ్య మెట్టు ముందుకి లాగితే అదే సీటు, కింద కుండ రెడీ, ఇవాళ వాటిమీద పుస్తకాలు పేర్చి ఫొటోలు తీస్తున్నారు. పందిరి మంచానికి దళసరి తెరలు కట్టింది చలి ఆపడానికండీ బాబూ, మనవాళ్లేమో దోమతెరంత పల్చటి గుడ్డ వేలాడదీసి రాయల్ లుక్ అంటున్నారు.

అసలు రాయల్ సంగతి అడిగితే మీరే చెప్పాలి. ఎనిమిదో హెన్రీ మలవిసర్జన దగ్గరుండి చూసుకోడానికి గ్రూమ్ ఆఫ్ ది స్టూల్ (స్టూల్ అంటే లోపల కుండ ఉన్న రాజుగారి పీట) అని ప్రత్యేకంగా ఒక పదవే ఉండేది, పెద్దింటి మగాళ్లు ఆశపడే పదవి, రాజు చెవి దొరికేది అక్కడే కాబట్టి. అలాంటి వంశానికి దూరపు బంధువై ఉండి తమరు సిగ్గుపడటం ఏం బాలేదు.

ఇంకొక్క విన్నపం. మిమ్మల్ని పట్టుకుని మొయ్యడానికని పైఅంచులో రెండు పక్కలా కన్నాలు పెట్టారు చూడండి, నిన్న ఒకాయన వాటిల్లోంచి చార్జర్ వైరు లాగి, ఆ కాలంలోనే ఎంత ముందుచూపండీ అని మురిసిపోతున్నాడు. ఏమీ చెప్పకండి, ప్లీజ్.

ఇట్లు,
మీ అభిమాని